బొద్దింక కనిపిస్తుంది, కోడలి మొహం కనిపించదా? ఏఎండీ మీద అపోహలు - వాస్తవాలు

చూపు బాగా తగ్గినవాళ్లకు సాయపడే 'లో విజన్' విభాగంలో ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించేదాన్ని. ఆమధ్య ఒక కోడలు 72 ఏళ్ల అత్తగారిని తీసుకొచ్చింది. మొహంలో కోపం దాగడం లేదు. "గోడవార పాకే బొద్దింక కనిపిస్తుందండీ ఆవిడకి. నేను ఎదురుగా నిలబడితే మాత్రం ఎవరమ్మా అంటారు. కావాలనే చేస్తున్నారు." వీధిలో పలకరించడం మానేసిందని పక్కింటివాళ్లు కూడా పెద్దావిడకి కళ్లు నెత్తికెక్కాయంటున్నారట.

అపోహ: చూపు పోతే అంతా పోవాలి. ఉంటే అన్నీ కనిపించాలి.

ఏఎండీ అంటే వయసు మీద పడ్డాక రెటీనా (కంటి లోపలి తెర) నడిమి భాగం దెబ్బతినే జబ్బు. ఆ భాగమే మాక్యులా. స్కూల్లో పచ్చచుక్క అని చదువుకున్నాం. మొహం గుర్తుపట్టాలన్నా, అక్షరం చదవాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా అదే కావాలి. చుట్టూ ఉన్న రెటీనా మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, కదిలేవాటిని పట్టడంలో అది దిట్ట కూడా. అందుకే బొద్దింక దొరికిపోతుంది, కోడలి మొహం దొరకదు. ఏఎండీ ఒక్కదాని వల్ల పూర్తి చీకటి కావడం చాలా అరుదు.

మా దగ్గర పవర్ లేని కళ్లద్దాలు ఒక జత ఉంటాయి, రెండిటికీ నడిమధ్యన రూపాయి బిళ్లంత నల్ల కాగితం అంటించినవి. కోడలికి అవి పెట్టి ఫోన్‌లో వాళ్లాయన నంబరు తీయమన్నాను. తల అటూ ఇటూ తిప్పి, "పక్కనుంచి కనిపిస్తోందండీ" అంది. కాగితం అద్దానికి అతుక్కుంది కాబట్టి ఆమె తప్పించుకోగలిగింది. అత్తగారి చూపు మధ్యలోని మచ్చ కన్నుతోపాటే తిరుగుతుంది, ఎటు చూస్తే అటే వస్తుంది. అయినా సాధన చేయిస్తే కాస్త పక్కకు చూసి పని జరుపుకోవడం చాలామందికి అలవాటవుతుంది. ఆలోపు ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఒకటే: ఎదురుపడగానే "అత్తయ్యా, నేను" అని పలకరించడం.

అపోహ: శుక్లంలాగే ఆపరేషన్ చేస్తే వచ్చేస్తుంది.

శుక్లం లెన్సుకు వచ్చేది, ఇది రెటీనాకు. శుక్లం కూడా ఉంటే తీయించండి, మసక తగ్గుతుంది. మధ్యలో మచ్చ మాత్రం ఉంటుంది. కొత్త కళ్లద్దాలతోనూ అంతే.

అపోహ: మూడు ఇంజెక్షన్లు వేయించాం, చూపు పెరగలేదు, డబ్బు దండగ.

నాకు ఎక్కువ బాధ కలిగించే మాట ఇదే. ఏఎండీలో పొడి రకం ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. తడి రకంలో రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారతాయి. వారాల్లోనే చూపు పడిపోవచ్చు. కంట్లో వేసే ఇంజెక్షన్ ఆ కారడాన్ని ఆపుతుంది. కొందరికి చూపు పెరుగుతుంది, కానీ మొదటి పని ఉన్నది నిలబెట్టడం. మామూలుగా మొదట నెలకొకటి చొప్పున మూడు వేస్తారు, ఆపైన రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్ చూసుకుంటూ ఎడం పెంచుతారు. "మిర్చి కోతలయ్యాక వస్తాం" అని వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి రెటీనా కింద గాయపు మచ్చ గట్టిపడి ఉంటుంది. దానికి ఏ ఇంజెక్షనూ పనికిరాదు. ఖర్చే ఇబ్బందైతే మానేయకండి, బెవాసిజుమాబ్ అనే చవకైన మందు సరిపోతుందేమో డాక్టరుని అడగండి.

పొడి రకం ఉన్నవాళ్లు అది తడి రకంగా మారుతోందేమో తెలుసుకోవడానికి ఒక్కో కన్ను మూసుకుని కిటికీ చువ్వలు చూడాలి. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది. చువ్వ కొత్తగా వంకరగా కనిపించిందా, ఆ వారంలోనే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అపోహ: లేని మనుషులు కనిపిస్తున్నారంటే మతి తప్పినట్టే.

ఏఎండీ ఉన్న, రిటైరైన ఒక హెడ్మాస్టారు వరండాలో రంగు బట్టల పిల్లలు ఆడుకోవడం చూస్తున్నారట. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు. నేను "ఆ పిల్లలు మాట్లాడతారా సార్?" అని అడిగితే, "లేదమ్మా, లేరని నాకూ తెలుసు" అన్నారు. దీన్ని చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. స్విస్ శాస్త్రవేత్త బోనే 1760లో తన తాతగారికి ఇలా కనిపించడం గురించి రాశాడు. కంటి నుంచి రావాల్సిన సమాచారం తగ్గేసరికి మెదడు తనే బొమ్మలు అల్లుకుంటుంది. లైటు వేస్తే, కళ్లు అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు మాయమవుతాయి. మాటలు కూడా వినిపిస్తున్నా, మతిమరుపు తోడైనా అది వేరే సంగతి, డాక్టరుకి చూపించాలి.

అపోహ: చదివితే, టీవీ దగ్గరగా చూస్తే ఉన్న చూపూ పోతుంది.

పోదు. దగ్గరగానే కూర్చోనివ్వండి.

అపోహ: క్యారెట్, నందివర్ధనం, విటమిన్ బిళ్లలతో నయమవుతుంది.

నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, అంతవరకే. రసం కంట్లో పిండొద్దు. 2013లో వెలువడిన ఆరెడ్స్2 అనే కంటి అధ్యయనంలో వాడిన లూటిన్, జింక్ ఉన్న బిళ్లలు మధ్య దశలో ఉన్నవారికి జబ్బు ముదరడాన్ని కొంత నెమ్మదింపజేస్తాయి. పోయిన చూపును తేవు. పెద్దాయన చుట్ట, బీడీ మానడం అంతకన్నా ముఖ్యం.

అపోహ: ఇక ఏ పనీ చేయనివ్వకూడదు.

స్టీలు కంచం మెరుస్తుంది, తెల్ల కంచంలో పెరుగన్నం కలిసిపోతుంది. ముదురు రంగు కంచం పెట్టి చూడండి. పొద్దుటి మందు సీసాకి ఒక రబ్బరు బ్యాండు, రాత్రిదానికి రెండు. మెట్ల అంచుకు పసుపు పెయింటు. కొత్త నోట్లలో 500ది 150 మిల్లీమీటర్లు, 200ది 146, 100ది 142, అంటే వేళ్ల మధ్య పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. చేత్తో తడిమి తెలుసుకునే గుర్తులూ ఉన్నాయి, 500 మీద గుండ్రం, 100 మీద త్రికోణం.

మొన్న ఆ అత్తాకోడళ్లు మళ్లీ వచ్చారు. పాలవాడి లెక్క ఇప్పుడు పెద్దావిడే చూసుకుంటోందట. కోడలు గదిలోకి వస్తూనే "అత్తయ్యా, నేను" అంది. "తెలుసులేవే, నీ గాజుల చప్పుడు వీధి చివర్నించే వినపడింది" అంది పెద్దావిడ.