కట్టలు కట్టండి, విప్పండి

పిల్లలూ,

42 లోంచి 17 తీసేయమంటే మీలో చాలామంది 2 లోంచి 7 పోదని ఆగి, పక్కనున్న 4ను కొట్టేసి 3 చేసి, 2కు ముందు 1 పెట్టి గబగబా 25 అని రాసేస్తారు. జవాబు కరెక్టే. కానీ అక్కడ తగ్గింది ఒకటైతే ఇక్కడికి పది ఎలా వచ్చాయని అడిగితే మాత్రం దిక్కులు చూస్తారు. కాగితం మీదే నేర్పితే ఎవరికైనా అంతే లెండి.

కాసిని సన్నటి పుల్లలు, రబ్బరు బ్యాండ్లు తెచ్చుకోండి. నేల మీద సుద్దముక్కతో మూడు గళ్లు గీసి కుడి నుంచి ఎడమకు ఒకట్లు, పదులు, వందలు అని రాయండి. రూలు ఒక్కటే, ఏ గడిలోనూ తొమ్మిదికి మించి ఉండకూడదు. పదో పుల్ల రాగానే పదింటినీ కట్ట కట్టి పదుల్లోకి పంపాలి, కట్టలు పదైతే అన్నీ కలిపి పెద్ద కట్ట చేసి వందల్లోకి. టీచర్ ముందే కట్టి ఇస్తే మాత్రం ఆట సగం దండగ, లెక్కపెట్టి బ్యాండు వేసేది మీరే అయ్యుండాలి.

ఇప్పుడు 42 అంటే నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు ఇవ్వాలంటే ఒక కట్ట విప్పాల్సిందే. విప్పితే విడివి పన్నెండు, అందులో ఏడు పోతే ఐదు. మిగిలిన మూడు కట్టల్లో ఒకటి ఇచ్చేస్తే రెండు. నోట్‌బుక్‌లో 4 కొట్టేసి 3 చేశారే, అది ఈ కట్ట విప్పడమే.

ఇది కుదిరాక ఇద్దరిద్దరు చేరి చెరో పెద్ద కట్టతో మొదలుపెట్టి, పాచిక వేసి ఎంత పడితే అన్ని పుల్లలు తిరిగి ఇచ్చేయండి. ముందు ఎవరివి అయిపోతే వాళ్లు గెలిచినట్టు. మొదటిసారే 4 పడిందనుకోండి, వందను విప్పితే పది కట్టలొస్తాయి, విడి పుల్ల ఒక్కటీ రాదు! ఇంకో కట్ట కూడా విప్పాలి. అప్పుడు తొమ్మిది కట్టలు, ఆరు పుల్లలు మిగులుతాయి, 96.

305 పరిస్తే మధ్య గడి బోసిగా ఉంటుంది. గళ్లు లేని కాగితం మీద అక్కడ సున్నా పెట్టకపోతే అది 35 అయి కూర్చుంటుంది. సున్నాతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో మన గణిత పండితుడు బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే రాసిపెట్టాడు. రోమన్ అంకెల్లో అయితే 38కి ఏడు గుర్తులు కావాలి, 100కి ఒక్కటి చాలు, కాబట్టి పొడవు చూసి ఏది పెద్దదో చెప్పలేం.

చివరగా ఒక పని. రెండు చీటీల మీద 7, 2 రాసుకుని ఇద్దరు పక్కపక్కన నిలబడండి, 72. చోట్లు మారండి, 27. తేడా 45. వేరే అంకెలతో కూడా చేసి చూడండి, తేడా ఎప్పుడూ 9వ ఎక్కంలోనే వస్తుంది. ఎందుకో నేను చెప్పను. ఒకట్ల గడిలోని పుల్ల పదుల్లోకి వెళ్లాలంటే దానికి ఇంకా ఎన్ని పుల్లలు తోడవ్వాలో లెక్కపెట్టండి, మీకే తెలుస్తుంది.

మీ తాతయ్య