పాత బకెట్లో మొక్క పెట్టే ముందు: అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళం టౌన్లో మిద్దె తోటలు వేసిపెట్టడం నా పని. కొత్త కుండీలు కొనమని ఎవరికీ చెప్పను. మేడ మీద మూలన పడున్న బకెట్లు, నూనె డబ్బాలు, చీలిన టబ్బులు చూసుకునే పని మొదలుపెడతాను. కాకపోతే ప్రతి పాత సామాను దగ్గరా రెండు విషయాలు చూస్తాను. ఇన్నాళ్ళూ అందులో ఏముండేది? పోసిన నీళ్ళు అందులోంచి ఎటు పోతాయి? నాకు ఎదురయ్యే అపోహల్లో చాలావరకు ఈ రెండిటి దగ్గరే పుడతాయి.

అపోహ: అడుగున గులకరాళ్ళో పెంకులో పరిస్తే నీళ్ళు బాగా దిగిపోతాయి.

ఈ నమ్మకం ఎంత గట్టిదంటే, రాళ్ళు లేకుండా మట్టి నింపడం చూస్తే ఇంటి పెద్దావిడ వచ్చి ఆపేస్తుంది. "ఏటి బాబూ, కింద రాళ్ళెయ్యవేటి? ఏర్లు కుళ్ళిపోవూ?" అని అడుగుతుంది. నిజానికి రాళ్ళు వేస్తేనే వేళ్ళు కుళ్ళే అవకాశం ఎక్కువ.

మట్టిలోని సన్న రేణువులు నీటిని పట్టుకుంటాయి. ఆ మట్టి అడుగు భాగం పూర్తిగా నిండిపోయేదాకా నీళ్ళు కింద రాళ్ళ మధ్య ఉన్న పెద్ద ఖాళీల్లోకి జారవు. తడి తువ్వాలు దండెం మీద వేస్తే పైనంతా ఆరినా కింది అంచు తడిగానే ఉంటుంది కదా, బకెట్లో మట్టి కూడా అంతే. అడుగున కొంత మందాన తడి ఎప్పుడూ నిలిచి ఉంటుంది. మూడంగుళాల రాళ్ళు పరిస్తే ఆ తడి పోదు, మూడంగుళాలు పైకి జరిగి వేళ్ళ దగ్గరకు వస్తుంది. అడుగు లోతు బకెట్లో మొక్కకు దక్కేది తొమ్మిది అంగుళాలే. పైగా స్లాబు మీద రాళ్ళ బరువు అదనం. చిల్లు మీద ఒక పెంకు ముక్క బోర్లించండి, లేకపోతే దోమతెర ముక్క పరవండి. అది కూడా మట్టి కారిపోకుండా ఉండటానికే.

ఉద్దానం వైపు రాళ్ళకు బదులు కొబ్బరి డొక్కలు వేసేవాళ్ళున్నారు. డొక్కలు నీటిని వదలవు, పట్టి ఉంచుతాయి. అవి కుళ్ళేకొద్దీ పైన మట్టి కుంగుతుంది. కొబ్బరి పొట్టును మట్టిలో కలపడం మాత్రం మంచిదే. పచ్చి పొట్టులో ఉప్పు, వగరు ఉంటాయి కాబట్టి గోనెసంచిలో పోసి రెండు మూడుసార్లు నీళ్ళలో నానబెట్టి, పిండాకే వాడాలి.

అపోహ: అడుగున ఒక చిల్లు ఉంటే చాలు.

కాల్చిన మేకుతో పొడిచిన చిల్లు త్వరలోనే మట్టితో పూడిపోతుంది. 20 లీటర్ల బకెట్‌కు చిటికెన వేలు దూరేంత చిల్లులు ఐదారైనా ఉండాలి. ఇంకో సంగతి చాలామంది చూసుకోరు. చదునైన అడుగు స్లాబుకు అతుక్కుని కూర్చుంటే ఎన్ని చిల్లులున్నా దండగే. కింద మూడు టైలు ముక్కలు పెట్టి లేపండి, లేదా అడుగు నుంచి అంగుళం ఎత్తులో పక్క గోడకు కూడా రెండు మూడు చిల్లులు పెట్టండి.

ఆవకాయ జాడీకి చిల్లు పెట్టడం కుదరదంటారు. కుదురుతుంది, తొందర పనికిరాదంతే. జాడీని బోర్లించి, చిల్లు పడాల్సిన చోట ప్లాస్టర్ టేపు అడ్డంగా నిలువుగా అంటించాలి. డ్రిల్ మిషన్లో హ్యామర్ బటన్ ఆపేసి, టైలు బిట్‌తో నెమ్మదిగా తిప్పుతూ మధ్యమధ్య చెంబుతో నీళ్ళు చిలకరించాలి. మిషన్ మీద బరువు వేసి నొక్కితే మాత్రం నెర్రె విచ్చుకుంటుంది. లోపలి నునుపు పూత లేచిపోయిన జాడీ ఏళ్ళ తరబడి ఉప్పు పీల్చి ఉంటుంది. అలాంటిదాన్ని నీళ్ళు మారుస్తూ కొన్నాళ్ళు నాననివ్వాలి. బయట తెల్లటి పొడి ఇంకా పూస్తుంటే ఉప్పు పోనట్టే.

అపోహ: శుభ్రంగా కడిగితే ఏ డబ్బా అయినా పనికొస్తుంది.

నేను గట్టిగా అడ్డుపడేది ఇక్కడే. ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోతే దాని పెట్టె నలుచదరంగా, గట్టిగా, లోపల అరలతో ముచ్చటగా కనిపిస్తుంది. తోటకూరకు భలే ఉంటుందనిపిస్తుంది. ఆ అరల మూలల్లో సీసం పొడి అంటుకుని ఉంటుంది, మనం ఇంట్లో ఎంత కడిగినా అది పూర్తిగా పోయిందని చెప్పలేం. సీసం కుళ్ళదు, ఆవిరైపోదు. మట్టిలో చేరితే ఆకుకూర వేళ్ళు కొంత పీల్చుకుంటాయి, ఆకులకు అంటిన మట్టితో ఇంకొంత కంచంలోకి వస్తుంది. పిల్లల మెదడుకు అది చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది. అందుకే అందులో పువ్వుల మొక్క కూడా పెట్టనివ్వను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం కూడా వాడేసిన బ్యాటరీ మామూలు చెత్తలో కలవకూడదు. కొత్తది కొన్న షాపులోనే పాతది ఇచ్చేయండి, ఎంతో కొంత ధర కూడా తగ్గిస్తారు.

పురుగుమందు డబ్బాలదీ ఇదే కథ. లేబుల్ మీద ఏటవాలు చదరంలో కింది సగం రంగు విషం తీవ్రతను చెబుతుంది, అది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏదైనా సరే, ఆకుపచ్చ చూసి మోసపోవద్దు. మన పురుగుమందుల నిబంధనలే ఖాళీ డబ్బాను మళ్ళీ వాడే వీల్లేకుండా పగలగొట్టి, ఊరికి దూరంగా పాతిపెట్టమంటాయి.

పెయింట్ బకెట్ల విషయంలో అంత భయం అక్కర్లేదు. గోడలకు వేసే ఎమల్షన్ బకెట్‌ను ఎండలో పెడితే ఆరిన పొర పొరలాగే ఊడి వస్తుంది. ఊడదీసి, సబ్బుతో కడిగితే చాలు. తలుపులకు, గ్రిల్స్‌కు వేసే ఎనామిల్ డబ్బాలు, ముఖ్యంగా పాతకాలంవి, వద్దు. ఇళ్ళ పెయింట్లలో సీసం పది లక్షల్లో 90 వంతులు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు డబ్బాల్లో ఎంతుందో ఎవరు చూశారు?

అపోహ: ప్లాస్టిక్ అంటేనే విషం.

అడుగున త్రికోణంలో 2 గానీ 5 గానీ ఉంటే బెంగ లేదు, బకెట్లు ఎక్కువగా ఈ రకాలే. పల్చటి నీళ్ళ సీసాల్లో పెంపకం మాత్రం నాకు నచ్చదు. వెలుతురు లోపలికి దూరి పాచి పడుతుంది, ఎండకు పెళుసెక్కి ముక్కలు మట్టిలో కలుస్తాయి. నల్ల బకెట్లకు చిక్కు వేరే ఉంది. రోహిణి కార్తెలో పడమటి ఎండ తగిలే వైపు మట్టి కాలిపోయి వేళ్ళు మాడతాయి. మిగిలిపోయిన తెల్ల ఎమల్షన్ పూయండి, లేకపోతే గోనె చుట్టండి. సున్నం కొడతామంటారు గానీ ప్లాస్టిక్ మీద అది నిలవదు.

అపోహ: తుప్పు పట్టిన డబ్బా మొక్కను చంపుతుంది.

తుప్పు ఇనుమే, దానితో మొక్కకు ప్రమాదం లేదు. 15 కిలోల నూనె డబ్బాలో వంగ, మిరప హాయిగా కాస్తాయి. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పు గాలికి డబ్బా అడుగు త్వరగా ఊడిపోతుంది. చెయ్యి కోసుకోకుండా చూసుకోవాలంతే.

రాగి, ఇత్తడి సంగతి వేరు. తడి మట్టిలో, ఎరువు తగిలితే ఇంకాస్త ఎక్కువగా, రాగి కరుగుతుంది. అది మోతాదు మించితే వేళ్ళు ఎదగవు. ఇత్తడి సామానుకు పేరుపడ్డ బుడితి లాంటి ఊరున్న జిల్లాలో అమ్మమ్మ గారి గంగాళానికి చిల్లు పెట్టమని నన్ను పిలవకండి. ప్లాస్టిక్ కుండీలో మొక్క పెంచి, ఆ కుండీని గంగాళంలో దించితే అందమూ ఉంటుంది, వస్తువూ ఉంటుంది. లోపల చేరిన నీళ్ళు వారానికోసారైనా పారబోయాలి, లేదంటే దోమలు.

అపోహ: మట్టి కుండను మించింది లేదు.

గాలి ఆడుతుంది, నిజమే. వేసవిలో రెండు పూటలా నీళ్ళు అడుగుతుంది, అదీ నిజమే. నీళ్ళ కుండలా మూతి ఇరుకు, పొట్ట వెడల్పు ఉంటే వేళ్ళు లోపల ఉండ కట్టుకుంటాయి, మొక్క మార్చాలంటే కుండ పగలగొట్టాల్సిందే. తాళ్ళతో వేలాడదీసే పూల తీగలకు పర్వాలేదు.

అపోహ: డబ్బాలే కదా, మేడకు ఏం బరువు?

20 లీటర్ల బకెట్ నిండా తడి ఎర్రమట్టి ఉంటే 30 కిలోలు దాటుతుంది. మనుషులు ఎక్కే మేడకు ఇంజనీర్లు మామూలుగా లెక్కగట్టే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. అంటే ఆ జాగాలో అలాంటివి ఐదు పెడితే సరికి సరి, మనం నిలబడటానికి ఇంకేమీ మిగలదు. మట్టి, కొబ్బరి పొట్టు, కంపోస్టు సమంగా కలిపితే బరువు బాగా తగ్గుతుంది. పెద్ద డ్రమ్ములు గోడల మీదుగా, బీముల మీదుగా రావాలి. ఆకుకూరలకు ఆరేడు అంగుళాల లోతు చాలు కాబట్టి, చేపల మార్కెట్లో దొరికే థర్మాకోల్ పెట్టెలు నడిమధ్యన పెట్టుకోవచ్చు. కడిగి ఎండబెడితే నీచు వాసన పోతుంది.

అపోహ: బరువుగా ఉన్న బకెట్ తుపానుకు కదలదు.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటిన జిల్లా ఇది. మొక్క పొడుగ్గా ఉంటే ఆకులకు గాలి పట్టి బకెట్‌ను పడేస్తుంది, పిట్టగోడ మీదున్నది కింద ఎవరి నెత్తి మీదో పడుతుంది. హెచ్చరిక రాగానే ముందు గోడ మీదవీ, థర్మాకోల్ పెట్టెలూ కిందికి దించండి. మిగతా బకెట్లను పిట్టగోడ లోపలి వైపు పక్కకు పడుకోబెట్టి, చెవులకు ఒకే తాడు దూర్చి కట్టండి. పందిరి మీది బీర, పొట్ల తీగలను కాపాడటం మన చేతిలో లేదు, చేతికొచ్చిన కాయలు ముందే కోసుకోవడమే.