సుద్దలోంచి పన్ను

మా పిన్నికి రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ వేశారు. నోటినిండా ముద్ద కుక్కి కొలత తీసే పాత పద్ధతి కాకుండా, కెమెరా లాంటిది పళ్ల చుట్టూ తిప్పి పన్ను బొమ్మను కంప్యూటర్‌లో చూపించారట. "రాయిలాంటి దాన్ని మిషన్ అంత సన్నగా ఎలా కోస్తుందిరా?" అని అడిగింది. పై పన్ను ముట్టుకుంటే కళ్లు పోతాయని రెండేళ్లు వాయిదా వేసిన మనిషి! (పోవు. పంటి నరం వేరు, చూపు నరం వేరు.)

అసలు రాయిని కోయదు, సుద్దను కోస్తుంది. క్యాప్ చేసేది జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతో, దాని బిళ్ల సగం కాలిన దశలో గీకితే పొడి రాలేంత మెత్తన. అప్పుడే చెక్కేసి, తర్వాత దాదాపు 1500 డిగ్రీల కొలిమిలో పెడతారు. పూర్తిగా కాలాక కోయబోతే వజ్రపు బర్‌లు (కోసే ములుకులు) కూడా ఇట్టే అరిగిపోతాయి.

చిక్కల్లా, కాలితే ముడుచుకుపోతుంది. పచ్చి కుండ కాలేసరికి చిన్నదవుతుందని కుమ్మరికి తెలుసు, కానీ కుండ కాస్త తగ్గితే నష్టమేమీ లేదు, క్యాప్ అలా కాదు. అందుకే ఎన్ని రెట్లు పెద్దగా కోయాలో బిళ్ల మీద లెక్క రాసి ఉంటుంది, 1.23 అనుకోండి. 10 మి.మీ. క్యాప్ కావాలంటే సాఫ్ట్‌వేర్ 12.3 మి.మీ. కోయిస్తుంది. పొరపాటున 1.25 అని కొడితే 12.5 కోస్తుంది, కాలాక 10.16 తేలుతుంది, అంటే వెంట్రుక మందం కంటే ఎక్కువ తేడా, క్యాప్ వదులే. ఇంకో తమాషా: పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 1.23 × 1.23 × 1.23 చేస్తే 1.86. అంటే ఘనపరిమాణంలో దాదాపు సగం మాయం, బరువు మాత్రం అంతే! పోయింది రేణువుల మధ్య ఖాళీ. బడిలో ఘనపరిమాణాన్ని బట్టీ పట్టించే బదులు ఇది చూపిస్తే ఎంత బాగుండేది.

గట్టిదనం కథ వేరే. జిర్కోనియాలో కొంచెం యిట్రియా అనే ఇంకో ఆక్సైడ్ కలుపుతారు, దానివల్ల స్ఫటికాలు చల్లారాక కూడా వేడిలో ఉన్న అమరికలోనే ఇరుక్కుని ఉంటాయి. పగులు మొదలైతే ఆ కొస దగ్గరి స్ఫటికాలు అమరిక మార్చుకుని సుమారు 4 శాతం ఉబ్బి, పగులును రెండు వైపులా నొక్కేస్తాయి.

1985లో జ్యూరిక్‌లో వెర్నర్ మోర్మన్ అనే పళ్ల డాక్టర్ కుర్చీ పక్కనే మిషన్‌తో కోసి పెట్టింది పింగాణీ పూడిక, జిర్కోనియా తర్వాత వచ్చింది. ఆ మిషన్‌కు నమిలే వైపు మిట్టపల్లాలు కోయడం రాదు, డాక్టరే చెక్కుకోవాలి. ఇప్పటివాటికి వచ్చు. అయినా పిన్ని చేత రంగు కాగితం కొరికించి, ఎత్తుగా తగిలిన చోట చేత్తోనే అరగదీశారట.