పదిహేనేళ్ల దగ్గర గీత: మిలిట్రీలో ఇంకా ఉండాలా, ముందే వచ్చేయాలా

మా వైపు మిలిట్రీ నుంచి వచ్చేసినవాణ్ని రిటైరయ్యాడు అనరు, పెన్షన్ మీద వచ్చేశాడు అంటారు. ఆ మాటలోనే సగం కథ ఉంది. మా బాబాయి సర్వీసు పదమూడేళ్లు నిండాక ఒకసారి లీవుకొచ్చి ఇక వెళ్లనన్నాడు, పిల్లలు మూడు రాష్ట్రాల్లో మూడు స్కూళ్లు మారారు, పిన్ని ఒక్కతే మామగారి ఆసుపత్రులూ పొలం కౌళ్లూ చూసుకుంటోంది, హైదరాబాద్‌లో తెలిసినాయన ఏదో సెక్యూరిటీ సూపర్‌వైజర్ పని చూపిస్తానన్నాడు. తాతయ్య ఒకే మాట అన్నాడు, "ఇంకో రెండేళ్లు కళ్లు మూసుకోరా". పదిహేనేళ్లు నిండితేనే జవానుకి పెన్షన్ కాబట్టి. మిలిట్రీ ఇళ్లల్లో ఈ సీను చూడనివాళ్లు తక్కువ. అయితే ఈ పదిహేను అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది, దానికి ఒకరోజు ముందొస్తే ఒకలాగా ఒకరోజు తర్వాతొస్తే ఇంకోలాగా ఎందుకు ఉంటుంది అన్నది చాలామంది ఫౌజీలకే పూర్తిగా తెలీదు, సీనియర్లు చెప్పారు కాబట్టి ఆగుతారు.

కాస్త వెనక్కి వెళ్తే, ఒకప్పుడు జవాను అసలు పదిహేనేళ్లు యూనిట్‌లో ఉండేవాడే కాదు. కలర్ సర్వీసు ఏడేళ్లు, అంటే యూనిఫాంలో ఉండేది అంతే, ఆ తర్వాత ఎనిమిదేళ్లు రిజర్వు, అంటే ఇంటికెళ్లి వ్యవసాయమో వ్యాపారమో చేసుకోవచ్చు, యుద్ధమొచ్చి పిలిస్తే మాత్రం రావాలి. ఏడూ ఎనిమిదీ కలిపితే పదిహేను, అప్పుడు రిజర్విస్టు పెన్షన్ అని చిన్న మొత్తం ఇచ్చేవాళ్లు, సిపాయికొచ్చే కనీస పెన్షన్‌లో మూడింట రెండొంతులు. అంటే గీత అప్పుడూ పదిహేను దగ్గరే ఉంది కానీ అందులో సగం పైన ఇంటి దగ్గరే గడిచేది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది చూశారా, మిలిటరీ మాధవరం అనే పేరు, మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్లారని చెప్పుకుంటారు. అలాంటి ఊళ్లల్లో మిలిట్రీకి వెళ్లి రావడం అంటే వయసులో ఉండగా కొన్నేళ్లు బయటికెళ్లి మళ్లీ పొలానికి తిరిగి రావడమే.

1976 నుంచి ఇది మారింది, కలర్ సర్వీసే 17 ఏళ్లు అయింది. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది, కష్టపడి తుపాకీ, వైర్‌లెస్సు, ట్యాంకు నేర్పించినవాణ్ని ఏడేళ్లకే పంపించేస్తే మళ్లీ కొత్తవాడికి మొదటి నుంచి నేర్పాలి. కానీ జవాను వైపు నుంచి చూస్తే పద్దెనిమిది పంతొమ్మిదేళ్ల కుర్రాడు చేరితే బయటికొచ్చేసరికి ముప్ఫై ఐదు, ముప్ఫై ఆరు. కొత్త పని నేర్చుకోవడానికి లేటు, కూర్చుని తినడానికి మరీ తొందర. ఇప్పుడు మనం చర్చించుకునే "ఉండాలా వద్దా" అన్న గొడవంతా నిజానికి అక్కడే పుట్టింది, అంతకుముందు ఏడేళ్లకి వచ్చేసేవాడికి ఈ ప్రశ్నే లేదు.

ఇక గీతకి ఇవతలా అవతలా ఏముందో చూద్దాం. జవాన్లకీ జేసీవోలకీ (నాయబ్ సుబేదార్, సుబేదార్ లాంటివాళ్లు) పెన్షన్‌కి కనీసం 15 ఏళ్ల క్వాలిఫయింగ్ సర్వీసు, అంటే పెన్షన్‌కి లెక్కలోకొచ్చే సర్వీసు కావాలి, ఆఫీసర్లకి 20. అంతకంటే తక్కువలో వస్తే సర్వీస్ గ్రాట్యుటీ లాంటి ఒక్కసారి ఇచ్చే మొత్తాలు, పీఎఫ్‌లో మనం దాచుకున్నది, అంతే. ఇది అందరికీ తెలుసు. తెలియనిది ఏంటంటే పెన్షన్ లేకపోతే చాలా వాటిల్లో నువ్వు మాజీ సైనికుడివే కావు. కేంద్ర ఉద్యోగాల రిజర్వేషన్ కోసం 1979లో చేసిన రూల్స్‌లో మాజీ సైనికుడు అంటే ఎవరో రాసుంది, సొంతంగా అడిగి వచ్చినా ఫర్వాలేదు కానీ పెన్షన్ సంపాదించుకుని వచ్చుండాలి, లేదా సర్వీసు వల్ల వచ్చిన జబ్బుతోనో గాయంతోనో పంపించుండాలి, లేదా డిపార్టుమెంటే మనుషుల్ని తగ్గించుకుని పంపించుండాలి. పదమూడేళ్లు సియాచిన్ చూసొచ్చినా సరే, సొంత రిక్వెస్టు మీద పెన్షన్ లేకుండా వస్తే కేంద్ర గ్రూప్ సీలో 10 శాతం కోటా లేదు, ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు పోస్టులకి ఉండే 14.5 శాతం కోటా లేదు. 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కూడా మొదట పెన్షనర్లకే పెట్టారు. మా తాతయ్యకి ఈ రూల్స్ ఏవీ తెలీవు పాపం, ఆయన లెక్క ఆయనది, అయినా చెప్పింది కరెక్టే.

కొద్దిగా తక్కువ పడితే మాఫీ చేస్తారు కదా అని కొందరు అంటారు. నిజమే, పదిహేనేళ్లకి 12 నెలల వరకు తక్కువైతే దాన్ని కండోన్ చేసే వీలుంది. కానీ ఇష్టపూర్వకంగా అడిగి వచ్చేవాళ్లకి అది లేదని ఆర్డర్లలోనే రాసి పెట్టారు, దాని మీద చాలామంది ట్రిబ్యునల్‌కి వెళ్లారు, కొందరు గెలిచారు కూడా, కానీ పద్నాలుగేళ్లకి వచ్చేసి ఆ తర్వాత కోర్టు చుట్టూ తిరగడం అంటే ఆ ఒక్క ఏడాదేదో యూనిట్‌లోనే గడపడం సులువు.

పైగా వచ్చేస్తాను అనగానే పంపరు. ఇది రాజీనామా కాదు. 1954 ఆర్మీ రూల్స్‌లో పదమూడో రూల్ ఉంది, ఎన్‌రోల్‌మెంట్ షరతులు పూర్తి కాకముందే సొంత రిక్వెస్టు మీద వెళ్లాలంటే కమాండింగ్ ఆఫీసర్ ఒప్పుకోవాలి, వీడికి ఇవ్వడం సమంజసమే అనీ వీడు పోతే యూనిట్ బలం మరీ తగ్గదు అనీ ఆయనకి నమ్మకం కుదిరితేనే. సివిల్ ఉద్యోగం వచ్చింది వదిలేయండి అన్న ఎయిర్‌మన్ కేసులో 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, సైన్యంలో చేరినవాడికి నచ్చినప్పుడు వెళ్లిపోయే హక్కు లేదు అని. అందుకే పెళ్లికి ముందు ఒక రకంగా, పిల్లలు పుట్టాక ఇంకో రకంగా, అమ్మానాన్నలకి బాగోలేదని మరో రకంగా అప్లికేషన్లు రాసుకుంటూ చాలామంది పదిహేనుకి చేరిపోతారు, నిర్ణయం తీసుకున్నట్టే ఉండదు.

డబ్బు లెక్క కూడా ఎప్పుడూ ఇప్పటిలా లేదు. 2006కి ముందు పూర్తి పెన్షన్ అంటే 33 ఏళ్ల సర్వీసుకే, జవాను ముప్ఫై ఐదేళ్లకే ఇంటికొస్తాడు కదా ముప్ఫై మూడేళ్లు ఎక్కడ చేస్తాడు, అందుకని వెయిటేజీ అని కొన్నేళ్లు కలిపేవాళ్లు, సిపాయికి పది, నాయక్‌కి ఎనిమిది, హవల్దార్‌కి ఆరు. పదిహేనేళ్లు చేసిన సిపాయికి పది కలిపితే 25, దాన్ని 33తో భాగిస్తే 50 శాతంలో ముప్పావు వంతు వచ్చేది. అప్పట్లో ఇంకో నాలుగేళ్లు ఉంటే పెన్షన్ నిజంగానే పెరిగేది. ఆరో పే కమిషన్ ఈ 33 లింకు తెంపేసింది, 2006 జనవరి 1 తర్వాత వచ్చినవాళ్లకి అర్హత ఉంటే చాలు చివరి జీతంలో సగం. మంచి మార్పే, కానీ దాంతో పదిహేను దాటాక ఉండటానికి ఉన్న ఒక పెద్ద కారణం కూడా పోయింది.

ఊరికే ఒక లెక్క వేద్దాం. ఏడో పే కమిషన్ ప్రకారం బేసిక్ 35,300 ఉన్న జవాను అనుకోండి, మిలిటరీ సర్వీస్ పే 5,200 కలిపితే 40,500, సగం 20,250, దాని పైన డీఏ. ఇందులో సగం దాకా అమ్ముకోవచ్చు, అంటే నెలనెలా కాకుండా ముందే ఒక్కసారిగా తీసుకోవచ్చు, సివిల్ వాళ్లకి 40 శాతమే, మనవాళ్లకి 50. ఆ డబ్బుతో ఊళ్లో ఇల్లు కట్టడమో ఆడపిల్ల పెళ్లికి తీసి పెట్టడమో చేస్తారు, అమ్ముకున్న భాగం మళ్లీ పెన్షన్‌లో కలవాలంటే 15 ఏళ్లు ఆగాలి. మళ్లీ పదిహేనే, ఏమిటో ఈ అంకె.

వన్ ర్యాంక్ వన్ పెన్షన్, అంటే ఒకే ర్యాంకు ఒకే సర్వీసు అయితే ఎప్పుడొచ్చినా ఒకే పెన్షన్ ఇవ్వాలన్న గొడవ దీని పక్కనే నడిచింది. 1973లో మూడో పే కమిషన్ వచ్చాక జవాన్ల పెన్షన్ 70 శాతం నుంచి 50కి దిగిపోయిందని మాజీ సైనికులు ఇప్పటికీ చెప్తారు. దానికి తోడు పెన్షన్ చివరి జీతాన్ని బట్టి కాబట్టి, 1995లో వచ్చిన హవల్దార్‌కీ పదేళ్ల తర్వాత వచ్చిన హవల్దార్‌కీ ఒకే ర్యాంకు ఒకే సర్వీసు అయినా పెన్షన్‌లో చాలా తేడా. ముందే ఇంటికొచ్చేసినవాడు ప్రతి పే కమిషన్‌కీ ఇంకొంచెం వెనకబడతాడు, సివిల్ ఉద్యోగి అరవై దాకా జీతంలో ఉండి ఆ పెంపులన్నీ అందుకుంటాడు. 2011లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ (కోష్యారీ కమిటీ అనేది ఇదే) డిమాండు సబబే అంది, 2014 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో 500 కోట్లు అన్నారు, 2015 జూన్ నుంచి జంతర్ మంతర్ దగ్గర మెడల్స్ పెట్టుకుని ముసలాళ్లు నిరాహార దీక్షలకి కూర్చున్నారు, ఆగస్టు 14న అంటే స్వాతంత్ర్య దినానికి ముందురోజు పోలీసులు వాళ్లని లేపబోతే దేశమంతా చూసింది. సెప్టెంబర్ 5న అప్పటి రక్షణ మంత్రి పారికర్ ప్రకటించారు, నవంబర్ 7న ఆర్డర్, 2014 జులై 1 నుంచి వర్తింపు, ఐదేళ్లకోసారి రివిజన్.

ఆ ఆర్డర్‌లో ఒక చిన్న పేరా ఉంది, మన సబ్జెక్టుకి అదే ముఖ్యం. ఇక మీదట సొంత రిక్వెస్టు మీద ముందుగా డిశ్చార్జ్ తీసుకునేవాళ్లకి వన్ ర్యాంక్ వన్ పెన్షన్ లేదు అని. అప్పటిదాకా ఉన్న గీత ఒకటే, పదిహేను. ఇప్పుడు దాని తర్వాత ఇంకో గీత గీసినట్టయింది, పెన్షన్ సంపాదించుకున్నా కూడా టర్మ్ పూర్తి చేయకుండా వస్తే ఐదేళ్లకోసారి వచ్చే పెంపు పోతుంది. 2022 మార్చి 16న సుప్రీంకోర్టు మొత్తం స్కీమును సమర్థించింది, ఆ డిసెంబర్‌లో కేబినెట్ రివిజన్‌కి ఒప్పుకున్నప్పుడు కూడా ముందుగా వచ్చినవాళ్లని పక్కన పెట్టే రాశారు. నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది, పదహారేళ్లు చేసినవాడు ఏమీ ఎగ్గొట్టి రాలేదు కదా, అయినా జవాన్లు వెళ్లిపోకుండా ఆపడానికి ఇంతకంటే చవకైన పద్ధతి దొరకదు.

పదిహేను దాటాక లెక్కలు మనిషిని బట్టి ఉంటాయి. సిపాయికి టర్మ్ 17 ఏళ్లు, నాయక్‌కి 22, హవల్దార్‌కి 24, నాయబ్ సుబేదార్‌కి 26, సుబేదార్‌కి 28, ఎక్స్‌టెన్షన్ వస్తే రెండేసి ఏళ్లు. ప్రమోషన్ వచ్చినా రాకపోయినా 8, 16, 24 ఏళ్లకి ఎంఏసీపీ, అంటే జీతం ఒక లెవెల్ పెంచడం ఉంది, కాబట్టి పదిహేనున్నరలో వచ్చేయడం అమాయకత్వం, పదహారో ఏడు ముగిశాక వస్తే ఒక లెవెల్ పైన ఉంటావు. అదే మెడికల్ కేటగిరీ తగ్గినవాడికో, ప్రమోషన్ క్యాడర్ (ప్రమోషన్‌కి ముందు పెట్టే కోర్సు) పాసవ్వనివాడికో ఆ పైన ఉండటం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. హవల్దార్ అయ్యే వరసలో ఉన్నవాడికి ఉంది. మా బాబాయి చివరికి పదిహేడు చేసే వచ్చాడు, సెక్యూరిటీ పని అప్పటికి ఎవరికో ఇచ్చేశారు, రెండేళ్లు ఖాళీగా ఉండి బ్యాంకులో మాజీ సైనికుల కోటాలో చేరాడు. జీతమూ పెన్షనూ రెండూ వస్తున్నాయి, పిన్ని మాత్రం ఆ ఏళ్లు నాకెవరిస్తారు అంటుంది.

ఖజానా వైపు కథ వేరుగా నడుస్తోంది. 1999లో కార్గిల్ అయ్యాక వేసిన సుబ్రహ్మణ్యం కమిటీ, సైన్యం వయసు పెరిగిపోతోంది, 17 ఏళ్ల కలర్ సర్వీసుని ఏడు నుంచి పదేళ్లకి దించి ఆ తర్వాత వాళ్లని పారామిలిటరీకి పంపండి అంది. 2008లో శ్రీకృష్ణ గారి ఆరో పే కమిషన్ కూడా పారామిలిటరీకి పంపే దారే చూపించింది. ఆ దారి ఎవరూ వేయలేదు. పైగా 2004 నుంచి కొత్తగా చేరినవాళ్లకి బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్‌లలో పాత పెన్షన్ తీసేసి ఎన్‌పీఎస్, అంటే జీతంలోంచి కట్టుకునే పెన్షన్ పెట్టారు, సైన్యాన్ని ఒక్కదాన్నే వదిలారు. 2025-26 బడ్జెట్‌లో రక్షణ పెన్షన్లకే 1.6 లక్షల కోట్లు పైన, మొత్తం రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్, అంటే జవాన్లని చేర్చుకునే కొత్త పద్ధతి, ఈ నేపథ్యంలోంచే వచ్చింది. నాలుగేళ్లు, నెలకి 30 వేలతో మొదలై నాలుగో ఏట 40 వేలు, అందులో 30 శాతం కోసి ప్రభుత్వం అంతే కలిపి చివర్లో వడ్డీతో 11.71 లక్షల సేవానిధి, పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. మూడు రోజులకి దానికి వ్యతిరేకంగా జరిగిన ఆందోళనలో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు బోగీలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడు ఒకడు చనిపోయాడు. అక్కడికొచ్చినవాళ్లలో చాలామంది ఫిజికల్, మెడికల్ పాసై రాత పరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు. వాళ్ల ఇళ్లల్లో మిలిట్రీ అంటే అర్థమే పదిహేనేళ్లు, తర్వాత పెన్షన్.

2022 ఆఖర్లో మొదటి బ్యాచ్ చేరింది, 2026 ఆఖరికి నాలుగేళ్లు నిండుతాయి. నలుగురిలో ముగ్గురికి ఉండాలా వద్దా అని అడిగే అవకాశమే లేదు, పంపించేస్తారు. మిగిలే ఆ ఒక్కడు రెగ్యులర్ అయ్యాక కనీసం మరో 15 ఏళ్లు చేయాలి. ముందు చేసిన నాలుగూ కలుపుకుంటే వాడికి గీత పంతొమ్మిది దగ్గర, 2041 ఆఖర్లో.