మూడు వందల దగ్గర ఆగిన పింఛను: వికలాంగుల నిధుల వెనుక కథ

ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం కింద కేంద్ర ప్రభుత్వం ఒక్కొక్కరికి నెలకు ఇచ్చే వాటా 300 రూపాయలు. 2009లో 200 రూపాయలతో మొదలైన ఈ మొత్తం 2012లో 300కు చేరి అక్కడే ఆగిపోయింది. ఆ 300 కూడా అందరికీ రాదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 18 నుంచి 79 ఏళ్ల మధ్య వయసువారై, 80 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం పొందినవారికే అది వర్తిస్తుంది. చట్టం దృష్టిలో 40 శాతం వైకల్యం ఉంటే చాలు, వైకల్య శాతాన్ని వైద్యులు నిర్ధారించే సదరం శిబిరంలో ధ్రువపత్రం ఇస్తారు, తెలుగు రాష్ట్రాలు రెండూ దాని ఆధారంగానే పింఛను ఇస్తున్నాయి. అంటే 40కి, 80కి మధ్య ఉన్నవారి పింఛను భారమంతా రాష్ట్ర ఖజానాదే. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఇస్తున్న 6,000 రూపాయల్లో, కేంద్రం లెక్కలోకి వచ్చే మనిషికి సైతం, 5,700 రూపాయలు రాష్ట్రం జేబులోంచే వస్తున్నాయి.

ఈ ఏర్పాటుకు మూలం రాజ్యాంగంలోనే ఉంది. ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా తొమ్మిదో అంశం వికలాంగులకూ, పని చేయలేని స్థితిలో ఉన్నవారికీ సాయం అందించే బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించింది. 41వ అధికరణం అనారోగ్యం, వైకల్యం వంటి పరిస్థితుల్లో ప్రభుత్వ సాయం పొందే హక్కు గురించి మాట్లాడింది గానీ, రాజ్యం తన ఆర్థిక స్థోమత, అభివృద్ధి పరిమితులకు లోబడి ఆ పని చేయాలన్న షరతును కూడా వెంటే పెట్టింది. ఆదేశిక సూత్రాల్లో అలాంటి షరతు ఉండటం వింత కాదు. వికలాంగుల కోసం ప్రత్యేకంగా చట్టాలు వచ్చాక కూడా ఆ మాటలు వాటిలోకి యథాతథంగా చేరడమే ఇబ్బంది తెచ్చింది. 1995 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించి 1996 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన తొలి చట్టంలో పునరావాసం, నిరుద్యోగ భృతి వంటి అంశాలన్నిటికీ ఆ షరతే ముందు నిలిచింది. 2007లో భారత్ ఆమోదముద్ర వేసిన ఐక్యరాజ్య సమితి ఒడంబడిక మాత్రం అందుబాటులో ఉన్న వనరులను గరిష్ఠ స్థాయిలో వినియోగించాలని కోరింది. ఆ ఒడంబడికకు అనుగుణంగా తెచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచి, చాలా చోట్ల హక్కుల భాషలోకి మారింది, కానీ సామాజిక భద్రతకు సంబంధించిన 24వ సెక్షన్‌లో పాత షరతు అలాగే నిలిచింది.

ఆ సెక్షన్‌లోనే ఒక కొత్త రక్షణ కూడా ఉంది. ఇతరులకు అమలయ్యే అలాంటి పథకాలతో పోలిస్తే వికలాంగులకు ఇచ్చే మొత్తం కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని అది నిర్దేశించింది. చదవగానే ఇది గట్టి కంచెలా కనిపిస్తుంది. అయితే ఇది మొత్తాన్ని కాపాడే నిబంధన కాదు, రెండు మొత్తాల మధ్య దూరాన్ని మాత్రమే చూసే నిబంధన. కేంద్రం 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకు 200 ఇస్తోంది కాబట్టి వారితో పోల్చినప్పుడు 300 నిబంధనకు సరిపోతుంది, ఆ రెండూ పుష్కర కాలం కదలకపోయినా లెక్క తప్పదు. వితంతు పింఛనుతో పోలిస్తే మాత్రం రెండూ 300 రూపాయలే.

రాష్ట్రాల్లో ఈ దూరం ఎలా కరిగిపోగలదో చూడటానికి ఆంధ్రప్రదేశ్ చక్కని ఉదాహరణ. 2019 జూన్‌లో వృద్ధుల పింఛను 2,250, వికలాంగులది 3,000. ఆ తరువాత వృద్ధుల పింఛను విడతలవారీగా 2,500, 2,750 దాటి 2024 జనవరి నాటికి 3,000కు చేరింది. వికలాంగుల పింఛను ఈ నాలుగున్నరేళ్లూ 3,000 దగ్గరే ఉంది. ఏ బడ్జెట్‌లోనూ కోత పెట్టలేదు, ఎవరి పింఛనూ తగ్గలేదు, అయినా చట్టం చెప్పిన 25 శాతం వ్యత్యాసం సున్నాకు దిగిపోయింది. 2024 జూలై నుంచి వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000, మంచానికే పరిమితమైనవారికి 15,000 చొప్పున పెంచడంతో ఆ వ్యత్యాసం మళ్లీ వచ్చింది, ఎన్నికల హామీ రూపంలో. తెలంగాణలో వికలాంగుల పింఛను 2014 నవంబరులో ఆసరా పథకం కింద 1,500తో మొదలై, 2019లో 3,016కు, 2023లో 4,016కు పెరిగింది. ఆ ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ 6,000 ఇస్తామని చెప్పింది. తరువాతి రెండు బడ్జెట్లలో ఆ పెంపు కనిపించలేదు, వికలాంగుల సంఘాలు ఇప్పటికీ దాన్నే గుర్తు చేస్తున్నాయి.

పింఛను విషయంలో గుర్తు చేసేవారైనా ఉన్నారు. ప్రతి నెలా చేతికి అందే డబ్బు గనుక అది ఆగితే ఊరంతా తెలుస్తుంది, ప్రతిపక్షం ప్రశ్నిస్తుంది, పాలకపక్షం జవాబు చెప్పుకోక తప్పదు. సేవల మాట అలా కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టు రావడం మానేసినా, ప్రత్యేక పాఠశాల నడిపే స్వచ్ఛంద సంస్థకు దీనదయాళ్ పునరావాస పథకం కింద రావలసిన గ్రాంటు ఆలస్యమై ఉపాధ్యాయుల జీతాలు నిలిచినా, ఆ వార్త పిల్లల తల్లిదండ్రుల దగ్గరే ఆగిపోతుంది. పాఠశాల విద్యకు కేంద్రం నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఏడాదికి ఒక్కొక్కరికి 3,500 రూపాయల పరిమితి 2018లో నిర్ణయించారు. బాలికలకు నెలకు 200 చొప్పున పది నెలల భృతి కూడా అందులోంచే. మిగిలేది 1,500, అందులోనే ఉపకరణాలూ, చికిత్సా, బోధనా సామగ్రీ.

నిధుల కోత కూడా చాలాసార్లు కోత అన్న పేరుతో రాదు. వికలాంగుల సాధికారత కోసం 2012లో ప్రత్యేక శాఖ ఏర్పడింది, 2025-26లో దాని కేటాయింపు 1,275 కోట్లు. ఆ ఏటి కేంద్ర బడ్జెట్ మొత్తం 50 లక్షల కోట్లకు పైమాటే, అంటే శాఖకు దక్కింది అందులో దాదాపు 0.025 శాతం. శాఖ మొత్తం 2022-23 నుంచి 1,200 కోట్ల పైనే స్థిరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. లోపల చూస్తే, ర్యాంపులు, వికలాంగులు వాడుకోగల వెబ్‌సైట్లు, గుర్తింపు కార్డులు వంటి 2016 చట్టం అమలుకు వాడే పథకానికి 2022-23లో సుమారు 240 కోట్లు ఉండగా మరుసటి ఏడాది 150 కోట్లకు, 2025-26లో 115 కోట్లకు దిగింది. సాధారణంగా ఇలా తగ్గించినప్పుడు చెప్పే కారణం గత ఏడాది ఇచ్చినదే ఖర్చు కాలేదన్నది. రాష్ట్రాలు ప్రతిపాదనలు పంపవు, ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే వినియోగ పత్రాలు సమర్పించవు, సవరించిన అంచనాల్లో మొత్తం తగ్గుతుంది, ఆ తగ్గిన మొత్తమే వచ్చే ఏటి అంచనాకు ప్రాతిపదిక అవుతుంది. ఖర్చు చేయనివాడి నేరానికి ఖర్చు అవసరమైనవాడు శిక్ష అనుభవించడమంటే ఇదే.

లోక్‌సభలో చర్చకు వచ్చేది కొన్ని శాఖల పద్దులే. మిగిలినవి గడువు ముగియగానే, గిలెటిన్ అనే పద్ధతిలో, చర్చ లేకుండా ఒక్కసారిగా ఆమోదం పొందుతాయి, చిన్న శాఖలకు దక్కేది తరచుగా ఈ దారే. అందువల్ల నిజమైన పరిశీలన సామాజిక న్యాయ శాఖకు అనుబంధమైన పార్లమెంటు స్థాయీ సంఘంలో జరుగుతుంది. పింఛను విషయంలో గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం కేంద్రం వాటా పెంచాలని పదే పదే సిఫార్సు చేసింది. సంఘాల సిఫార్సులు ప్రభుత్వాన్ని కట్టిపడేయవు. అయినా శాఖ రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి గనుక, నిధుల కోసం పనిచేసే సంస్థలకు ఆ నివేదికలే పట్టుకొమ్మ. మహిళలకు 2005-06 నుంచి, పిల్లలకు 2008-09 నుంచి కేంద్ర బడ్జెట్‌లో విడి ప్రకటన వెలువడుతోంది. అదే తీరులో అన్ని మంత్రిత్వ శాఖల్లో వికలాంగుల కోసం వెచ్చించేదాన్ని ఒకచోట చూపాలన్నది వికలాంగుల సంఘాల పాత కోరిక. రైల్వే, విద్య, ఆరోగ్యం, గ్రామీణాభివృద్ధి శాఖల్లో చెల్లాచెదురుగా ఉన్న మొత్తాలు కనిపించనంత కాలం, ఏ శాఖ ఎంత తగ్గించిందో అడిగే వీలే ఉండదు.

రాష్ట్రాల్లో భారం పెరిగేకొద్దీ ఒత్తిడి మరో ద్వారం గుండా వస్తోంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వికలాంగ పింఛన్లను వైద్య బృందాలతో తిరిగి తనిఖీ చేయించి, ఆగస్టులో పెద్ద సంఖ్యలో నోటీసులు ఇచ్చింది. అనర్హులను ఏరివేయడం తప్పు కాదు, నకిలీ ధ్రువపత్రాల వల్ల మొదట నష్టపోయేది అర్హులే. కానీ నిరసనలు రేగాక అప్పీలుకు అవకాశం కల్పించి, అది తేలేవరకూ పింఛను ఆపబోమని చెప్పవలసి వచ్చింది. ఏళ్ల కిందట ఇచ్చిన శాశ్వత ధ్రువపత్రం పట్టుకుని అంధుడో, చక్రాల కుర్చీలో ఉన్న మనిషో మళ్లీ ఆసుపత్రి వరుసలో నిలబడాలంటే ఆ రానుపోను ఖర్చు ఏ పద్దులోనూ ఉండదు.