కొంగల బారు, మిడతల దండు

ప్రియమైన పిల్లలూ,

ఈమధ్య మీరు ఏ జంతువులు కలిసి కనబడినా "గుంపు" అనేస్తున్నారు. అది తప్పేం కాదు. కానీ గొర్రెలకు మంద, చీమలకు బారు, మిడతలకు దండు, కోతులకు మూక అని మన పెద్దవాళ్లు వేరువేరు పేర్లు పెట్టారు. ఆవులకైతే కదుపు అనే పాత మాట కూడా ఉంది. ఆ జీవులు కలిసినప్పుడు ఏం చేస్తాయో బాగా చూసి పెట్టిన పేర్లివి. అందుకే నాకు ఇవంటే అంత ఇష్టం.

బారు అంటే వరస. ముందు వెళ్లిన చీమ నేలమీద వదిలిన వాసనను పట్టుకుని వెనక చీమ నడుస్తుంది. ఆ దారిన నడిచే ప్రతి చీమా ఇంకాస్త వాసన చేర్చడంతో బారు చెదరదు. కొంగలూ బారులు తీరి ఎగురుతాయి.

దండు అంటే సైన్యం. ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. ఎడారి మిడత మామూలుగా ఒంటరిది, తోటి మిడతలకు దూరంగా మసలుతుంది. పచ్చిక తగ్గి, మిగిలిన చోటే అన్నీ కిక్కిరిసినప్పుడు దాని వెనక కాళ్లకు పక్క మిడతలు మాటిమాటికీ తగులుతుంటాయి. ఆ తాకిడికి దాని ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం పెరుగుతుంది. కొన్ని గంటల్లోనే దాని నడత మారిపోయి, మిగతావాటితో కలిసి కదలడం మొదలుపెడుతుంది. రంగు కూడా మారుతుంది కానీ, దానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అలా తయారైన దండులో ఒక్క చదరపు కిలోమీటరులోనే 8 కోట్ల దాకా మిడతలుంటాయి. దండు అన్నవాళ్లు ఎంత సరిగ్గా అన్నారో చూడండి!

ఏనుగుల విషయంలో మాత్రం పాత మాట సరిపోదు. గుంపును నడిపే మగ ఏనుగును యూథపతి అనేవారు. నిజానికి ఏనుగుల కుటుంబాన్ని నడిపేది పెద్ద వయసు ఆడ ఏనుగు. ఎదిగిన మగవి గుంపు వదిలి వెళ్లిపోతాయి.

ఇంగ్లీషువాళ్లకూ ఈ సరదా బాగా ఉంది. 1486లో సెయింట్ ఆల్బన్స్‌లో అచ్చయిన ఒక వేట పుస్తకంలో ఇలాంటి పేర్ల జాబితానే ఉంది. సింహాల గుంపుకు "ప్రైడ్", అంటే గర్వం, అని అందులో రాశారు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది. కాకుల గుంపుకు "మర్డర్", అంటే హత్య, అని పెట్టారు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. తోటి కాకి చచ్చిపడి ఉంటే కాకులు చుట్టూ చేరి అరుస్తాయి, అక్కడ ప్రమాదం ఉందని గుర్తుపెట్టుకుంటాయి. అంత తెలివిగా ఒకదాన్నొకటి కాచుకునే పక్షులకు అదా పేరు?

మన భాషలో పేరు లేని గుంపులు ఇంకా ఎన్నో ఉన్నాయి. మెడలెత్తి నిలబడ్డ జిరాఫీలను "జిరాఫీల తోపు" అందామా? ఎంపరర్ పెంగ్విన్లు అంటార్కిటికా చలిగాలిలో ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. నెమ్మదిగా చోటు మారుతూ అన్నీ వెచ్చదనం పంచుకుంటాయి. వాటిని నేనైతే "పెంగ్విన్ల దడి" అంటాను. డాల్ఫిన్లను మీకు వదిలేస్తున్నాను. అవి ఎలా ఈదుతాయో, ఎలా వేటాడతాయో ముందు చదివి, ఆ తర్వాత పేరు పెట్టి నాకు రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య