మందు కలిసిన మురుగు: పటాన్‌చెరు నుంచి అంబర్‌పేట దాకా

సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఆ మందు లీటరుకు కొద్ది మిల్లీగ్రాములకు మించదు. పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో మాత్రం అది లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ప్రకటించింది. అదీ శుద్ధి చేసిన తరువాత! ఒక్క రోజులో పోతున్న మందు సుమారు 45 కిలోలు. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మోతాదు.

ఇంత మందు అక్కడికెలా చేరింది? బాలానగర్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం వచ్చాక హైదరాబాద్‌లో మందుల తయారీ తెలిసినవాళ్లు పెరిగారు. మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చిన 1970 నాటి చట్టం దారి సుగమం చేసింది. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు నిండాయి. వాటి వ్యర్థజలాలు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసేవి. పంటలు, బావులు పాడైన రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. ఆ దశాబ్దంలోనే ఉమ్మడి శుద్ధి కేంద్రం వెలిసింది. సుమారు 90 కర్మాగారాల నీళ్లు ట్యాంకర్లలో అక్కడికి వచ్చేవి.

అసలు చిక్కు శుద్ధి పద్ధతిలోనే ఉంది. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ చూపిన మార్గమే నేటికీ ప్రపంచమంతటా నడుస్తోంది: మురుగులోకి గాలి ఊదితే సూక్ష్మజీవులు పెరిగి మలినాలను తినేస్తాయి. ఊరి మురుగుకు ఇది భేషైన ఉపాయం. కానీ సూక్ష్మజీవులను చంపడానికే తయారుచేసిన మందును వాటికే మేతగా వేస్తే? ఆ మందుకు తట్టుకున్నవే మిగులుతాయి. పైగా సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయాలని పటాన్‌చెరులో ఇళ్ల మురుగును కూడా తెచ్చి కలిపేవారు. అంటే మనుషుల పేగుల్లోని బాక్టీరియాను యాంటీబయాటిక్ తొట్టిలో పెంచినట్టు. మొండి బాక్టీరియా తయారుచేయాలని ఎవరైనా పూనుకున్నా ఇంతకంటే మంచి ఏర్పాటు చేయలేరేమో. 2011లో అదే పరిశోధకులు వాగు అడుగు మట్టిలో బాక్టీరియాను మందులకు లొంగకుండా చేసే జన్యువులు భారీగా ఉన్నాయని చూపారు.

తనిఖీల్లో ఇది బయటపడలేదా అంటే, పడే వీలే లేదు. తనిఖీ అధికారులు చూసేది నీటిలోని మలినాలు విరగడానికి పట్టే ఆక్సిజన్‌ను, లవణాలను, తేలియాడే మడ్డిని. మందు ఎంత ఉందో కొలవాలని నిబంధన లేదు. కాగితం మీద అంకెలు సరిపోతే నీళ్లు బాగున్నట్టే లెక్క.

2009 నాటికి సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి, ఈ నీటిని నగర మురుగు కాలువల ద్వారా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అక్కడి నుంచి మూసీకి. మంజీర గోదావరిలో కలుస్తుంది, మూసీ కృష్ణలో. ఆ గొట్టం ఒక నదీ పరీవాహకం బరువును ఇంకొకదాని నెత్తిన పెట్టిందన్న మాట.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా నిబంధనల్లో తొలిసారి యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. యాంటీబయాటిక్ తయారీ వ్యర్థజలాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి మార్గదర్శకాలు 2024 సెప్టెంబరులో వెలువడ్డాయి. వాటిని పాటించాలన్న నిర్బంధం ఏ దేశానికీ లేదు.